లవంగ నూనె, వాము నూనె కలిపితే వేరుశనగ నూనె ముక్కిపోకుండా ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అనంతపురం దగ్గర చిన్న గానుగ పెట్టుకున్నారు. ఎండాకాలంలో మీ వేరుశనగ నూనె రెండు నెలలకే వాసన మారుతోంది. లవంగ నూనెలో, వాము నూనెలో యాంటీఆక్సిడెంట్లు బాగా ఉంటాయని, లీటరుకు పది చుక్కలు కలిపితే ఏ కెమికల్ లేకుండా ఏడాది నిలవ ఉంటుందని ఒక వీడియోలో చూశారు. అవే తైలాలు రోజూ రెండు చుక్కలు నీళ్లలో వేసుకుని తాగితే ఒంటికి మంచిదని కూడా అందులో చెప్పారు. ఈ రెండూ నిజమేనా అని అడిగారు.

సూటిగా చెప్తాను. లవంగ, వాము తైలాలకు యాంటీఆక్సిడెంట్ గుణం ఉన్న మాట నిజం. వేరుశనగ నూనెలో కలిపితే కొంత పని చేస్తాయి. కానీ ఏడాది నిలవ ఉంచేంత మోతాదు వేస్తే ఆ నూనెతో పులుసు చేసుకుని తినలేరు. తాగే సంగతైతే వద్దు. మీ నూనె రెండు నెలలకే చెడుతోందంటే కారణం గింజ దగ్గరో, మడ్డి దగ్గరో, డబ్బా దగ్గరో ఉంటుంది. అది సరిచేసుకుంటే చుక్కల అవసరమే రాదు.

నేను ఆదోనిలో ఒక నూనె మిల్లు ల్యాబ్‌లో 22 ఏళ్లు పనిచేశాను. ఆ తర్వాత పత్తికొండ వైపు చిన్న డిస్టిలేషన్ యూనిట్ పెట్టుకుని నిమ్మగడ్డి, పామరోజా (గులాబీ వాసన వచ్చే గడ్డి), వాము తైలాలు తీస్తున్నాను. అంటే నిన్నటిదాకా నూనె ఎందుకు చెడుతుందో చూసేవాణ్ణి, ఇప్పుడు దాన్ని చెడకుండా ఆపుతుందని జనం నమ్మే సరుకు అమ్ముతున్నాను. నా సరుకు గురించి నేనే ఇలా రాస్తే మా వాళ్లు నవ్వుతారు. ఫర్వాలేదు.

మొదట నూనె ఎలా ముక్కుతుందో చూద్దాం. నూనెలోని కొవ్వు ఆమ్లాల గొలుసుల్లో కొన్నిచోట్ల హైడ్రోజన్ వదులుగా అంటుకుని ఉంటుంది. వేడికో, వెలుతురుకో, ఇనుము, రాగి రేణువుల వల్లో అది ఊడిపోతే మిగిలిన ముక్కను ఫ్రీ రాడికల్ అంటాం. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, పక్క గొలుసు నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది. ఇప్పుడు ఆ పక్కది రాడికల్ అవుతుంది. గడ్డివాములో ఒక మూల నిప్పు పడితే పరక నుంచి పరకకు పోయినట్టు పోతుంది. ఈ దారిలో పుట్టే పెరాక్సైడ్లకు వాసన ఉండదు. అవి విరిగి ఆల్డిహైడ్లు అయినప్పుడు మనకు కనరు వాసన కొడుతుంది. కాబట్టి ముక్కుకు తెలిసేసరికి లోపల పని చాలా దూరం పోయి ఉంటుంది.

ఇక్కడ లవంగ నూనె ఏం చేస్తుందంటే, దానిలో 70 నుంచి 90 శాతం దాకా ఉండే యూజినాల్ అనే పదార్థం తన హైడ్రోజన్‌ను ఆ రాడికల్‌కు ఇచ్చేస్తుంది. ఇచ్చాక యూజినాల్ కూడా రాడికలే అవుతుంది కానీ అది మందకొడిది, పక్కదాన్ని పీకే ఓపిక దానికి ఉండదు. మంట అక్కడికి ఆగుతుంది. వాములో థైమాల్ చేసేదీ ఇదే పని. ఈ రెండింటికీ ఉన్న ఉమ్మడి లక్షణం ఒకటే: బెంజీన్ వలయానికి (ఆరు కార్బన్ల ఉంగరానికి) నేరుగా అంటుకున్న ఒక ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట). రసాయన శాస్త్రంలో వీటిని ఫీనాల్స్ అంటారు. తైలంలో ఫీనాల్ ఉంటే యాంటీఆక్సిడెంట్ బలం ఉంటుంది, లేకపోతే సీసా మీద ఎంత రాసినా పెద్దగా ఉండదు. ఇది గుర్తుంటే అంగట్లో సగం మాటలకు జవాబు మీకే దొరుకుతుంది.

ఉదాహరణకు నేనే తీసే నిమ్మగడ్డి తైలం. అందులో మూడొంతులు సిట్రాల్. వాసనకు, దోమలకు, సబ్బులకు బ్రహ్మాండం. యాంటీఆక్సిడెంట్‌గా లవంగం పక్కన నిలబడదు. పామరోజాలో జెరానియాల్ ఉంటుంది, దానికీ ఓహెచ్ ఉంది కానీ అది వలయానికి అంటుకున్నది కాదు, మామూలు ఆల్కహాల్. కాబట్టి బలహీనమే. నీలగిరి తైలం, కర్పూరం కూడా ఆ వరుసలోవే.

తులసి కథ ఇంకా తమాషాగా ఉంటుంది. కొన్ని తులసి మొక్కల్లో యూజినాల్ ఎక్కువ, కొన్నిటిలో మిథైల్ యూజినాల్ ఎక్కువ. రెండో దాంట్లో ఓహెచ్ మీద మిథైల్ అనే టోపీ పెట్టి మూసేసినట్టు ఉంటుంది, ఇవ్వడానికి హైడ్రోజన్ ఉండదు. చూడ్డానికి రెండూ తులసే, పూజకు రెండూ పనికొస్తాయి, సీసాలోకి వచ్చేసరికి రెండు వేరు సరుకులు. పైగా మిథైల్ యూజినాల్ క్యాన్సర్ కారకం కావచ్చన్న అనుమానం ఉన్న పదార్థం. తులసి తైలం కొనేటప్పుడు ఏ రకమో అడిగినవాళ్లను నేను ఇంతవరకు ఇద్దరు ముగ్గురినే చూశాను.

పసుపు గురించి కడప నుంచి ఫోన్లు ఎక్కువ వస్తాయి. "సార్, మైదుకూరు పసుపు తెచ్చి ఇస్తా, తైలం తీసి ఇయ్యండి, కర్క్యుమిన్ అంతా అందులో వస్తాది కదా" అంటారు. రాదు. కర్క్యుమిన్ ఆవిరితో ఎగరదు. ఆవిరి పెట్టి తీసినప్పుడు పైకి వచ్చేది టర్మెరోన్ లాంటి వాసన పదార్థాలు. మీరు విన్న పసుపు గొప్పతనం చాలావరకు అడుగున మిగిలిన పిప్పిలోనే ఉండిపోతుంది. రోజ్‌మేరీదీ ఇదే కథ. పరిశ్రమల్లో నూనెలు, చిప్స్ నిలవకు వాడే రోజ్‌మేరీ ఎక్స్‌ట్రాక్ట్ వేరు, అందులో పనిచేసే కార్నోసిక్ ఆమ్లం ఆవిరికి ఎగరదు. అంగట్లో దొరికే రోజ్‌మేరీ ఎసెన్షియల్ ఆయిల్ వేరు. పేరు ఒకటే కావడంతో ఒకదాని గుణం ఇంకోదానికి అంటగట్టి అమ్ముతున్నారు. ఆకులో ఉన్నదంతా తైలంలోకి రాదు, ఆవిరితో ఎగిరేదే వస్తుంది.

మరి "యాంటీఆక్సిడెంట్ 90 శాతం" అని సీసాల మీద, బ్రోచర్ల మీద వేసే అంకె ఎక్కడిది? ఎక్కువగా డీపీపీహెచ్ అనే పరీక్షది. 1958లో బ్లాయిస్ అనే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి. డీపీపీహెచ్ అనేది స్థిరంగా ఉండే ఒక రాడికల్, ఆల్కహాల్లో కలిపితే ముదురు ఊదా రంగు. హైడ్రోజన్ ఇచ్చేది ఏది పోసినా రంగు విరిగి పసుపు పచ్చగా మారుతుంది. రంగు ఎంత తగ్గిందో యంత్రంలో చూసి శాతం వేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కాలేజీ పిల్లలకు ప్రాజెక్టుకు చాలా బాగుంటుంది. కానీ ఆ గాజు గొట్టంలో కొవ్వు లేదు, వేడి లేదు, ఇనుము లేదు, ఆక్సిజన్‌తో పోటీ లేదు. తైలం ఎక్కువ పోస్తే శాతం ఎక్కువే వస్తుంది. ఎంత తైలానికి ఆ 90 వచ్చిందో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఓరాక్ అని ఇంకో అంకె ఉండేది. లవంగానికి భారీ స్కోరు వచ్చిందని చెప్పుకునేవారు, ఇప్పటికీ కొందరు చెప్తున్నారు. అమెరికా వ్యవసాయ శాఖ తన వెబ్‌సైట్‌లో పెట్టిన ఓరాక్ పట్టికను 2012లో తీసేసింది. గాజు గొట్టంలో వచ్చే ఆ విలువలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం చూపలేమని, కంపెనీలు వాటిని అమ్మకాలకు వాడుకుంటున్నాయని అది చెప్పిన కారణం.

ఇప్పుడు అసలు మీ పని, నూనెలో కలపడం.

మిల్లులో ఉన్నప్పుడు ఒక ఎండాకాలం నేను కుతూహలం కొద్దీ చూశాను. ఒకే డబ్బాలోని బుడ్డల నూనె (మా వైపు బుడ్డలు, మీ వైపు శెనక్కాయలు) నాలుగు సీసాల్లో పోశాను. ఒకదాంట్లో ఏమీ వేయలేదు. మిగతా మూడింట్లో లవంగ, వాము, నిమ్మగడ్డి తైలాలు లీటరుకు పది చుక్కల లెక్కన వేశాను. నాలుగింటినీ 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి రెండు రోజులకోసారి పెరాక్సైడ్ వాల్యూ (నూనెలో పెరాక్సైడ్లు ఎంత పేరుకున్నాయో చెప్పే అంకె) తీశాను. నూనెను ఎసిటిక్ ఆమ్లం, క్లోరోఫాంలో కరిగించి, పొటాషియం అయొడైడ్ వేసి, విడుదలైన అయొడిన్‌ను హైపోతో (సోడియం థయోసల్ఫేట్‌తో) టైట్రేట్ చేయడమే. చివర్లో స్టార్చ్ వేస్తే వచ్చే నీలం పోయేదాకా. గానుగ నూనెలకు కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ఈ అంకెను కిలోకు 15 మిల్లీఈక్వివలెంట్ల దాకా ఒప్పుకుంటుంది.

ఏమీ వేయని సీసా, నిమ్మగడ్డి సీసా దాదాపు కలిసే 15 దాటాయి. వాము, లవంగం సీసాలు కొన్ని రోజులు ఆలస్యంగా దాటాయి. లవంగం కొంచెం మేలు. అంటే పని చేసింది. కానీ రెండు నెలల నూనెను ఏడాది చేసేంత తేడా అందులో నాకు కనబడలేదు. దానికి ఒక కారణం వేరుశనగ నూనెలోనే సహజంగా విటమిన్ ఇ ఉండడం. ఇప్పటికే ఒక కాపలావాడు ఉన్న ఇంటికి ఇంకొకణ్ణి పెట్టినట్టు, లాభం ఉన్నా రెట్టింపు కాదు. మీరు చదివే కొన్ని పరిశోధనల్లో చాలా గొప్ప ఫలితాలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని విటమిన్ ఇ ముందే తీసేసిన నూనె మీద చేసినవి. ఆ తేడా చూసుకోవాలి.

మిగిలిన నూనె ఇంటికి తీసుకెళ్లాను. లవంగం సీసా నూనెతో మా ఆవిడ ఉగ్గాని చేసింది. మా అబ్బాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "ఇదేంది, పంటి డాక్టర్ దగ్గరికి పోయినట్టుంది" అన్నాడు. వాడు తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గానీ మాట నిజమే. దంత వైద్యులు తాత్కాలికంగా పంట్లో నింపే సిమెంటు జింక్ ఆక్సైడ్, యూజినాల్ కలిపి చేసిందే. ఆ రోజు మిర్చి బజ్జీలకు మాత్రం వాము సీసా బాగా కుదిరింది. బజ్జీలో వాము ఎటూ వేస్తాం కాబట్టి!

మోతాదు లెక్క చూడండి. ఒక చుక్క సుమారు 35 మిల్లీగ్రాములు అనుకుంటే లీటరుకు పది చుక్కలంటే 350 మిల్లీగ్రాములు. పెద్ద కంపెనీలు వాడే టీబీహెచ్‌క్యూ అనే కృత్రిమ యాంటీఆక్సిడెంట్‌కు గరిష్ఠ పరిమితి కిలోకు 200 మిల్లీగ్రాములు, అది వాసన లేకుండా తన పని చేసుకుపోతుంది. యూజినాల్, థైమాల్ అంత గట్టివి కావు కాబట్టి ఇంకా ఎక్కువ వేయాలి, ఎక్కువ వేస్తే వాసన. దీనికి దారి నాకు దొరకలేదు. ఇంకోటి, ఇవి ఎగిరిపోయే సరుకు. బాణలిలో 180 డిగ్రీల దగ్గర పూరీలు వేయిస్తుంటే పూరీలోంచి వచ్చే ఆవిరితో కలిసి చాలావరకు వంటింటి కిటికీలోంచి బయటికి పోతాయి. అంటే వేడి మీద రక్షణ ఎక్కువ కావాల్సిన చోటే ఇవి నిలబడవు.

అమ్మకానికి కలిపితే ఇంకో సమస్య. "స్వచ్ఛమైన గానుగ నూనె" అని లేబుల్ వేసి లోపల లవంగ తైలం కలిపితే అది కల్తీ కిందికో, తప్పుడు లేబుల్ కిందికో రావచ్చు, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా. కలిపే ఆలోచన ఉంటే ముందు మీ ఆహార భద్రత లైసెన్సు ఇచ్చిన అధికారిని రాతపూర్వకంగా అడగండి.

ఇక ఇది ఎక్కువ మంది చెప్పని మాట. యాంటీఆక్సిడెంట్ అంటేనే ముందు తాను చెడేది. లవంగ నూనె గాలి తగిలితే లేత పసుపు నుంచి గోధుమ రంగుకు తిరుగుతుంది, ఇనుము తగిలితే ఇంకా తొందరగా. నా దగ్గర మొదట్లో ఒక రేకు డబ్బాలో పెట్టిన లవంగ నూనె కాఫీ డికాషన్ రంగుకు వచ్చింది, కొన్నవాడు తిప్పి పంపాడు. దాని గుణమే దాని బలహీనత. మూత తీసి ఏడాదైన సీసాలో ఎంత బలం మిగిలిందో సీసా మీది అంకె చెప్పదు.

ఫీనాల్ లేని తైలాలు ఇంకా అన్యాయం. మీ అనంతపురంలో చీనీ (బత్తాయి) తోటలకు కొదవ లేదు. ధర పడిపోయిన ఏడు ఒక రైతు రసం తీసేసిన చీనీ తొక్కలు ట్రాక్టర్ నిండా తెచ్చాడు, తైలం తీసి ఇచ్చాను. చీనీ తొక్క తైలంలో 90 శాతం పైగా లిమోనీనే. వచ్చిన రోజు వాసన చూస్తే నోరూరింది. సగం నిండిన పారదర్శక సీసాల్లో కిటికీ పక్కన పెట్టుకున్నాడట, మూడు నెలలకు తెచ్చి చూపిస్తే టర్పెంటైన్ వాసన. లిమోనీన్ స్వయంగా ఆక్సిడైజ్ అవుతుంది, అందులో పుట్టే హైడ్రోపెరాక్సైడ్లు చర్మానికి అలర్జీ తెస్తాయని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు ఏళ్ల తరబడి చేసిన పనిలో తేలింది. లావెండర్‌లో ఉండే లినలూల్‌దీ అదే తీరు. అంటే "యాంటీఆక్సిడెంట్" అని పేరుపెట్టి అమ్మే పాత సీసా ముఖానికి రాసుకుంటే లోపల ఉన్నవి పెరాక్సైడ్లు కావచ్చు.

వాము తైలం కొనేటప్పుడు ఒక మోసం గురించి చెప్పాలి. మన కర్నూలు పడమటి మండలాల నల్లరేగడిలో వాము వేస్తారు, కర్నూలు యార్డుకు సరుకు వస్తుంది. మంచి గింజ నుంచి నూటికి 2 నుంచి 4 పాళ్లు తైలం దిగుతుంది. దాన్ని చల్లబరిస్తే థైమాల్ గడ్డకట్టి తెల్లని స్ఫటికాలుగా విడిపోతుంది. పచారీ కొట్లో వాము పువ్వు అని అడిగితే ఇచ్చేది అదే. ముద్ద కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు కలిపితే మూడూ కరిగి నీళ్లయ్యే అమృతధార మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. వాము పువ్వుకు విడిగా ధర ఉంది. కాబట్టి కొందరు పువ్వు తీసేసుకుని మిగిలిన పలచటి తైలాన్ని మళ్లీ వాము నూనె అనే అమ్ముతారు. వాసన వాము వాసనే. ఫీనాల్ మాత్రం ముందే పోయింది. ఒక చిన్న సీసాను రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి చూడండి, థైమాల్ బాగా ఉన్న తైలంలో సాధారణంగా స్ఫటికాలు కడతాయి. లవంగ నూనెకు ఇంకో తేలిక పరీక్ష. గ్లాసు నీళ్లలో చుక్క వేస్తే అసలుది అడుగుకు దిగుతుంది, ఎందుకంటే అది నీళ్లకంటే బరువు. వంటనూనె ఎక్కువ కలిపి ఉంటే తేలుతుంది. కాగితం మీద చుక్క వేసి ఒక రోజు వదిలితే జిడ్డు మరక మిగలడం కూడా కల్తీ గుర్తే. ఇవి మోటు పరీక్షలు, పక్కాగా తెలియాలంటే ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రఫీ (తైలంలో ఏ పదార్థం ఎంత ఉందో విడదీసి చూపే పరీక్ష) చేయించాలి.

తాగే సంగతికి వస్తాను. ఇక్కడ నేను డాక్టర్ని కాదు, కానీ సరుకు తీసేవాడిగా ఇది చెప్పడం నా బాధ్యత.

యూజినాల్ మింగితే కాలేయం ఏం చేస్తుందో తెలుసా? యాంటీఆక్సిడెంట్‌గా పనిచేసే ఆ ఓహెచ్‌నే పట్టుకుని దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్నో, సల్ఫేట్‌నో తగిలిస్తుంది. అలా మూసేసిన పదార్థం ఒక రోజులోపు దాదాపు అంతా మూత్రంలో వెళ్లిపోతుంది. గాజు గొట్టంలో ఊదా రంగును విరగ్గొట్టిన పిడికిలిని ఒళ్లు ముందే కట్టేసి బయటికి పంపుతోందన్నమాట. కాబట్టి డీపీపీహెచ్ అంకె చూపించి "రక్తంలో ఫ్రీ రాడికల్స్ శుభ్రం చేస్తుంది" అనడం కుదరదు.

ప్రమాదం మాత్రం గాజు గొట్టంలోది కాదు. ఆహార సంకలితాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల కమిటీ యూజినాల్‌కు పెట్టిన రోజువారీ పరిమితి కిలో శరీర బరువుకు 2.5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 150 మిల్లీగ్రాములు, అంటే నాలుగైదు చుక్కలు. 12 కిలోల పసివాడికి 30 మిల్లీగ్రాములు, ఒక్క చుక్కతోనే అయిపోయింది. వంటలో వేసే నాలుగు లవంగాలతో దీన్ని పోల్చకండి, లవంగంలోని నూనె తిండితో కలిసి మెల్లగా, కొంచెంగా వెళ్తుంది. నీళ్లలో వేసిన చుక్క కరగదు, చుక్కగానే నాలుకకో గొంతుకో అంటుకుని కాలుస్తుంది. చిన్నపిల్లలు ఒకటి రెండు చెంచాల లవంగ నూనె మింగి కాలేయం దెబ్బతిని ప్రాణాపాయంలో పడిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. నీలగిరి, కర్పూరం తైలాలకూ మూర్ఛకూ ఉన్న సంబంధం మీద బెంగళూరు డాక్టర్లే పరిశోధన పత్రాలు రాశారు. గర్భిణులు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా అసలు ముట్టుకోవద్దు. ఇంట్లో పిల్లలుంటే ఈ సీసాలు పురుగుమందు పెట్టినంత ఎత్తులో పెట్టండి.

సరే, మరి రెండు నెలల నూనె సంగతేంటి? నాకు తెలిసిన చాలా గానుగల్లో తప్పు ఈ నాలుగు చోట్ల కనిపించింది, మీదీ వీటిలో ఒకటి అయి ఉంటుంది.

గింజ. పుచ్చు, ముడత, విరిగిన పప్పు ఏరకుండా ఆడితే చెడిపోవడం గింజలోనే మొదలైపోయి ఉంటుంది. బూజు పట్టిన గింజ అయితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం వేరే. ఏ తైలమూ దాన్ని తీసెయ్యదు. వీలైతే హై ఓలీయిక్ (ఓలీయిక్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ ఉండే) వేరుశనగ రకాలు చూడండి. గిర్నార్ 4, గిర్నార్ 5 రకాల్లో ఓలీయిక్ ఆమ్లం సుమారు 80 శాతం ఉంటుంది. మామూలు రకాల్లో లినోలీయిక్ అనే మరో కొవ్వు ఆమ్లం వీటికంటే ఎక్కువ, అది ఓలీయిక్ కంటే సుమారు పది రెట్లు తొందరగా ఆక్సిడైజ్ అవుతుంది. చుక్కలు కలిపి సాధించలేనిది విత్తనం మార్చి సాధించొచ్చు. విత్తనం దొరకడం, దిగుబడి, ధర మీ కదిరి పరిశోధన కేంద్రం వాళ్లను అడగండి, వాళ్లకు మీ నేల తెలుసు.

మడ్డి. గానుగ ఆడేటప్పుడు నీళ్లు చిలకరిస్తాం కదా, ఆ తేమ, సన్నటి పిండి నూనెలో ఉండిపోతాయి. మడ్డి మీద నూనెను వారాల తరబడి ఉంచితే పులుపు పెరుగుతుంది. మూడు నాలుగు రోజులు తేర్చి, గుడ్డలో వడకట్టి, మళ్లీ తేర్చాలి. ఎండలో పెట్టి తేమ పోగొట్టే అలవాటు కొందరికి ఉంది. వెలుతురు వల్ల జరిగే నష్టం తేమ పోయిన లాభాన్ని తినేస్తుంది. మూతపెట్టిన స్టీలు డబ్బాలో ఎండకు పెడితే కొంత నయం.

డబ్బా. రాగి, ఇత్తడి పాత్రలు చూడ్డానికి బాగుంటాయి, ఈ మధ్య ఫ్యాషన్ కూడా. నూనెకు రాగి శత్రువు. తుప్పు పట్టిన రేకు డబ్బా కూడా అంతే. స్టీలు మంచిది. మెడ దాకా నింపండి, ఖాళీ ఉన్నంత మేర గాలి ఉంటుంది. పారదర్శక సీసాల్లో పోసి షాపు ముందు వరసగా పెట్టడం మానేయండి, నమూనాకు ఒక్క సీసా చాలు.

పాత నూనె. డబ్బా అడుగున మిగిలిన నూనె మీద కొత్తది పోసేవాళ్లు చాలామంది. పాతదాంట్లోని పెరాక్సైడ్లు కొత్తదానికి తోడు వేసినట్టే, పాలలో మజ్జిగ చుక్క వేసినట్టు. డబ్బా కడిగి పూర్తిగా ఆరబెట్టి పోయండి. మే నెలలో 42, 43 డిగ్రీలు ఉండే ఊళ్లలో ఇది ఇంకా ముఖ్యం, ప్రతి పది డిగ్రీలకూ ఈ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుంది. నిజానికి గానుగకు ఉన్న పెద్ద లాభం ఎప్పటికప్పుడు ఆడుకోవడం. గింజను కాయగా నిలవ ఉంచి నెలనెలా ఆడి అమ్మితే ఏడాది నిలవ అనే ప్రశ్నే రాదు.

చుక్కల బదులు ఇంట్లో వాడే పద్ధతి ఒకటుంది. వెన్న కాచేటప్పుడు మన ఇళ్లలో తమలపాకో, కరివేపాకో, మునగాకో వేస్తారు. అది ఒట్టి వాసన కోసం కాదు. తమలపాకులో హైడ్రాక్సీచవికాల్ అనే ఫీనాల్ ఉంది, వేడి నెయ్యిలోకి దిగి దాన్ని కాపాడుతుంది. తమలపాకు వేసి కాచిన నెయ్యి ఎక్కువ రోజులు నిలుస్తుందని పరీక్షించి చూసినవాళ్లున్నారు. ఇక్కడ మోతాదు తక్కువ, రుచి మనకు అలవాటైనది, ఎవరి నోరూ కాలదు. మీ ఇంటి వాడకానికి నూనెలో ప్రయత్నించాలంటే లీటరు నూనె సన్నటి సెగ మీద గోరువెచ్చగా చేసి, పూర్తిగా ఆరిన రెండు కరివేపాకు రెమ్మలు వేసి, చల్లారాక తీసేయండి. ఆకు లోపలే వదిలేయొద్దు, తేమ ఉంటే ఉన్న నూనె కూడా పోతుంది. అమ్మే నూనెలో ఇదీ వద్దు, పైన చెప్పిన లేబుల్ సంగతి దీనికీ వర్తిస్తుంది.

మీరు ఇప్పటికే కొన్న లవంగ నూనె సీసా పారేయనక్కర్లేదు. ముదురు రంగు గాజు సీసాలోకి మార్చి, చీకట్లో పెట్టుకోండి. పెద్దవాళ్లకు పంటి నొప్పి వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు దూదికి ఒక చుక్క అద్ది పన్ను మీద మాత్రమే ఉంచొచ్చు, చిగుళ్లకు తగిలితే మండుతుంది. ఇంకో పని చేయండి. ఇప్పుడు వాసన మారిన నూనె ఒక అర లీటరు, ఈ వారం ఆడిన నూనె ఒక అర లీటరు దగ్గర్లోని ల్యాబ్‌కు ఇచ్చి పెరాక్సైడ్ వాల్యూ, ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ (నూనె పులుపు) పరీక్షలు చేయించండి. ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ ఎక్కువ వస్తే గింజ, మడ్డి వైపు చూడాలి. పెరాక్సైడ్ ఎక్కువ వస్తే డబ్బా, వెలుతురు, పాత నూనె వైపు. రెండు అంకెలూ, మీరు ఏ రకం గింజ ఆడుతున్నారో కూడా ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.